సుగంధ ద్రవ్యాలు పట్టుకొని



ఈస్టరు పండుగ ప్రతి క్రైస్తవ గృహానికీ వస్తుంది గాని, అన్ని గృహాలకూ ఒకే తీరుగా రాదు. కొందరి ఇంట కొత్తబట్టలతో వస్తుంది. కొందరి ఇంట పలావు వాసనతో వస్తుంది. మా ఇంటికి మాత్రం సున్నపు డబ్బాతో వస్తుంది.

బాపట్లకు సమీపాన ఉన్న మా స్వగ్రామంలో, ఈస్టరుకు ముందటి శనివారం కుటుంబాలన్నీ సమాధుల తోటకు వెళ్ళి తమవారి సమాధులకు సున్నం వేస్తారు. ఆదివారం తెల్లవారకముందే వాటిమీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, అక్కడే సూర్యోదయ ఆరాధన చేసుకుంటారు. మా ఊరే కాదు, తెలుగునాట అనేక సంఘాలలో ఈ అలవాటు ఉంది. కొన్నిచోట్ల దీనికి సమాధుల పండుగ అనే పేరు కూడా పడింది.

చిక్కంతా ఈ పేరు దగ్గరే ఉంది. ఇరుగుపొరుగువారు చూచి, "మీకూ పెద్దల పండుగ ఉందన్నమాట" అంటారు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకొనేవారు అలా అనుకోవడం సహజమే. మరోవైపు మన విశ్వాసులలోనే కొందరు, "చనిపోయినవారి దగ్గర కొవ్వొత్తులేమిటి? ఇది బైబిలులో ఎక్కడుంది?" అని అడుగుతారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఉద్యోగరీత్యా సికింద్రాబాదులో ఉంటున్న మేము భార్యాభర్తలం, ఏటా గురువారం రాత్రి రైలెక్కి పిల్లలతో ఊరికి చేరేటప్పుడు ఈ ప్రశ్నలను కూడా వెంట తీసుకొనే వెళ్తుంటాం. వాటికి జవాబు మాకు ప్రసంగాలలో కొంత దొరికింది. ఇంటి అలవాట్లలోనే ఎక్కువగా దొరికింది. దానినే మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పిడికెడు బియ్యం

మా ఇంట ఈస్టరు భస్మ బుధవారం నాడే మొదలవుతుంది. ఆ రోజు నుండి ఈస్టరు ముందటి శనివారం వరకు లెక్కపెడితే 46 రోజులు. అందులో ఆరు ఆదివారాలు తీసివేస్తే 40. ఆదివారం ప్రభువు లేచిన దినం గనుక అది ఉపవాస దినాల లెక్కలోకి రాదు. శ్రమల కాలం మధ్యలో కూడా వారానికొక్క చిన్న ఈస్టరు ఉందన్నమాట. ఈ లెక్క మా పిల్లలకు చాలా ఇష్టం.

ఆ 40 దినాలూ ఇంట్లో మాంసం వండరు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. పిల్లల నాయనమ్మ, మేమిద్దరమూ అమ్మ అనే పిలుస్తాము, పొయ్యి మీదికి ఎసరు పెట్టిన ప్రతిసారీ కొలిచిన బియ్యంలోనుండి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. పిడికెడు బియ్యం అనే ఈ కానుక మన సంఘాల స్త్రీలకు కొత్త కాదు. చేతిలో డబ్బు లేని కాలంలో కూడా మన అమ్మమ్మలు, నాయనమ్మలు దేవుని పనికి ఇచ్చినది దానితోనే. అమ్మ ఆ బియ్యాన్ని ఈస్టరుకు ముందు ఒక ఇంటికి పంపిస్తుంది. ఆ సంవత్సరం ఎవరి ఇంట మరణం సంభవించిందో ఆ ఇంటికి.

"పండుగనాడు వాళ్ళ పొయ్యి వెలగాలిగదా" అని మాత్రమే ఆమె చెప్పే కారణం. చావు జరిగిన ఇంట ఏడాదిపాటు పండుగ చేసుకోరాదనే పట్టింపు మన చుట్టూ ఉన్నది. ఆ ఇంటికే ముందుగా ఈస్టరు వెళ్ళాలని ఈ బియ్యపు కుండ చెబుతుంది. ఏడుస్తున్న మరియ దగ్గరకే ప్రభువు ముందుగా వచ్చాడని యోహాను సువార్త 20వ అధ్యాయంలో చదువుతాము గదా! అమ్మ ఎన్నడూ ఆ వచనం ఎత్తి చెప్పలేదు. బియ్యం తీసి పెట్టింది, అంతే.

మట్టలు, గంజి

మట్టల ఆదివారం నాడు మా ఊళ్ళో పిల్లలు తాటి మట్టలు, ఈత మట్టలు పట్టుకొని పాటలు పాడుతూ గుడి చుట్టూ తిరుగుతారు. ఆకుతో చేసిన చిన్న సిలువను ఇంటికి తెచ్చి గుమ్మం పైన గుచ్చుతారు. అది ఏడాదంతా అక్కడే ఎండి పసుపుపచ్చగా మారుతుంది. కొన్ని సంఘాలలో ఆ ఎండిన మట్టలనే కాల్చి, మరుసటి ఏటి భస్మ బుధవారానికి బూడిద చేస్తారు. ఆదివారం హోసన్నా అన్న చేతులే శుక్రవారానికి ఏమైపోయాయో ఆ బూడిద గుర్తు చేస్తుంది. సంతోషపు గుర్తే పశ్చాత్తాపపు గుర్తుగా మారడం మాకెంతో అర్థవంతంగా తోస్తుంది.

శుభ శుక్రవారం నాడు మధ్యాహ్నం 12 గంటల నుండి 3 గంటల వరకు గుడిలో సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ధ్యానం జరుగుతుంది. అది ముగిసేవరకు మా ఇంట పొయ్యి వెలిగించరు. ఇంటికి వచ్చాక గంజి కాచి, ఉప్పు వేసుకొని, అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చుని త్రాగుతాము. ఊరగాయ కూడా వేసుకోము. మా అమ్మాయి చిన్నప్పుడు, "ఈ రోజు మనం బీదవాళ్ళమా?" అని అడిగింది. నాన్నగారు నవ్వి, "ఈ పూట దేవుడే బీదవాడయ్యాడమ్మా, ఆయనకు తోడుగా కూర్చున్నాం" అన్నారు. నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేశారు, సంఘంలో పెద్దగా ఉన్నారు. రెండవ కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో పౌలు చెప్పిన సంగతినే ఆయన ఏడేళ్ళ పిల్లకు గంజి గ్లాసుతో చెప్పారు.

నిర్గమకాండము 12వ అధ్యాయంలో దేవుడు పస్కాను ఏర్పాటు చేసినప్పుడు ఒక సంగతి ముందే చెప్పాడు. మీ పిల్లలు ఈ ఆచారమేమిటని మిమ్మును అడుగుతారు, అప్పుడు మీరు ఇలా చెప్పాలి అని. యొర్దాను నుండి తీసిన 12 రాళ్ళ విషయంలోనూ (యెహోషువ 4వ అధ్యాయం) అదే మాట. ఆచారం ముందు, ప్రశ్న తరువాత, సాక్ష్యం ఆ తరువాత. దేవుడు ఈ వరుసను కోరుకొన్నాడు. పిల్లలు ప్రశ్న అడిగేటట్లు చేయడం కుటుంబ ఆచారానికున్న మొదటి పని అని మేము నమ్ముతున్నాము. జవాబు చెప్పేవారు ఇంట్లో ఉండడం రెండవ సంగతి.

సున్నం చెప్పే సాక్ష్యం

ఇక శనివారం. ముందురోజు రాత్రే సున్నం నానబెడతారు. డబ్బాలో నీళ్ళు పోయగానే అది బుసబుసమని పొగలు కక్కుతుంది. తెల్లారేసరికి చల్లబడి వెన్నలా ఉంటుంది. కాస్త నీలిమందు కలిపి, కొబ్బరి పీచు కుంచెతో సమాధి నాలుగు ప్రక్కలా వేస్తారు. మాసిపోయిన పేర్లను నల్లరంగుతో మళ్ళీ దిద్దుతారు. అక్షరాలు దిద్దడం పిల్లల వంతు. "ప్రభువునందు నిద్రించిరి" అన్న మాటలు మా పిల్లలకు పాఠ్యపుస్తకాలకంటె ముందు ఆ రాళ్ళమీదనే వచ్చాయి. ఇంగ్లీషులో సమాధుల తోటను సెమెటరీ అంటారు గదా, దానికి మూలమైన గ్రీకు మాటకు నిద్రించే చోటు అని అర్థం. ఆదిమ క్రైస్తవులు పాతిపెట్టే స్థలానికి ఆ పేరు పెట్టుకొన్నారు.

సున్నం కొట్టిన సమాధులనగానే బైబిలు ఎరిగిన వారికి మత్తయి 23వ అధ్యాయం గుర్తుకు వస్తుంది. ప్రభువు శాస్త్రులను, పరిసయ్యులను వాటితో పోల్చాడు. పైకి తెలుపు, లోపల ఎముకలు. ఆ గద్దింపు విని, మనమూ సున్నం వేస్తున్నామే అని జంకేవారున్నారు. అయితే ఆ కాలపు యూదులు సమాధులకు సున్నం ఎందుకు వేసేవారో తెలిసికొంటే మేలు. ధర్మశాస్త్రం ప్రకారం సమాధిని ముట్టినవాడు ఏడు దినాలు అపవిత్రుడు (సంఖ్యాకాండము 19:16). పస్కాకు దేశమంతటి నుండి యాత్రికులు యెరూషలేముకు వస్తారు. వారు తెలియక సమాధిని తాకి పండుగకు దూరమైపోకూడదని, పస్కాకు నెల ముందే అదారు నెల 15వ తేదీన సమాధులకు గుర్తు వేసేవారని యూదుల మిష్నా గ్రంథం చెబుతుంది. ప్రభువు ఆ మాట పలికినది తన శ్రమల వారంలోనే. అప్పటికి ఆ సున్నం ఇంకా తెల్లగా మెరుస్తూ ఉండి ఉంటుంది.

అంటే ఆనాటి సున్నం "దగ్గరకు రావద్దు" అని హెచ్చరించేది. ఈనాడు మన ఊళ్ళ సున్నం "దగ్గరకు రండి" అని పిలుస్తోంది. భార్య కూర్చుని భర్త సమాధికి సున్నం వేస్తుంది. పిల్లలు ఆ రాయిమీద చేతులు పెట్టి అక్షరాలు దిద్దుతారు. అపవిత్రమైపోతామన్న భయం ఎవరికీ లేదు. ఈ రెండు సున్నాల మధ్య జరిగిందేమిటి? పరిశుద్ధుడైన దేవుని కుమారుడు తానే ఒక సమాధిలో పండుకొన్నాడు, మూడవ దినమున అందులోనుండి లేచి వచ్చాడు. అప్పటి నుండి సమాధి ముట్టరానిది కాకుండా పోయింది. మా ఊరి తోటలో బుట్టెడు బంతిపూలు, మల్లెపూలు పట్టుకొని తిరిగే చిన్నపిల్లల ధైర్యం వెనుక ఈ సంగతి ఉంది.

తాతయ్య లేని ఈస్టరు

ఇంతవరకు వ్రాసినదంతా మంచిరోజుల మాట. ఆచారాలకు అసలైన పరీక్ష కష్టం వచ్చినప్పుడే.

2020లో ఈస్టరు ఏప్రిల్ 12న వచ్చింది. లాక్‌డౌను వలన గుళ్ళు మూతపడ్డాయి, సమాధుల తోటకు ఎవ్వరూ వెళ్ళలేదు. మేము సికింద్రాబాదులో చిక్కుకొన్నాము. ఆ తెల్లవారుజామున నాన్నగారు ఊళ్ళో గుమ్మం ముందు రెండు కొవ్వొత్తులు వెలిగించి, ఫోనులో మాకు యోహాను సువార్త 20వ అధ్యాయం చదివి వినిపించారు. శిష్యులు తలుపులు మూసికొని యుండగా ప్రభువు వచ్చి మధ్యను నిలిచిన భాగం వచ్చేసరికి ఆగి, "మొదటి ఈస్టరు సాయంత్రం కూడా తలుపులు మూసే ఉన్నాయిరా" అన్నారు. ఆయనతో మేము అంత నిదానంగా చదువుకొన్న చివరి ఈస్టరు అదే.

2021 మే నెలలో, కరోనా రెండవ ఉధృతిలో, నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. పట్టణంలోని ఆసుపత్రి నుండి కప్పి చుట్టిన శరీరాన్ని నేరుగా సమాధుల తోటకే తెచ్చారు. నలుగురు మనుషులు, ఐదు నిమిషాల ప్రార్థన. గంట మ్రోగలేదు. పాట లేదు. ఎన్నో ఇళ్ళ సమాధి ఆరాధనలలో ముందుండి కీర్తన ఎత్తిన మనిషికి కీర్తన ఎత్తేవారు లేకపోయారు. అమ్మకు ఆయన ముఖం చూపలేదు. ఆనాటి నిబంధనలు అవి. ఎవరినీ అనవలసిన పని లేదు. కాని అమ్మ మనసులో ఒకే మాట నిలిచిపోయింది: "ఆయన్ని నేను సాగనంపలేదు."

మరుసటి సంవత్సరం, 2022లో, ఈస్టరు ఏప్రిల్ 17న వచ్చింది. మేము ఊరికి చేరేసరికి ఇంట్లో సున్నం నానబెట్టి లేదు. బియ్యపు కుండ బోర్లించి ఉంది. శుక్రవారం గంజి త్రాగాక అమ్మ నెమ్మదిగా, "రేపు తోటకు మీరు వెళ్ళి రండి. నేను రాలేను" అన్నది. మేమేమీ అనలేదు. ఏడేళ్ళ మా చిన్నవాడు మాత్రం ఆమె ఒడిలో తల పెట్టి అడిగాడు:

"నాయనమ్మా, ఈస్టరంటే తాతయ్య చనిపోయిన పండుగా?"

ఇరుగుపొరుగువారు అడిగే ప్రశ్న, విశ్వాసులు అడిగే ప్రశ్న, రెండూ కలిసి పిల్లవాడి నోట అలా వచ్చాయి. అమ్మ జవాబు చెప్పలేదు. వాడి తల నిమురుతూ ఉండిపోయింది. ఆ రాత్రి మా ఇంట ఎవరికీ సరిగా నిద్రలేదు.

శనివారం పొద్దున్నే వాకిట్లో సందడి. వీధిలోని స్త్రీలు ఐదారుగురు వచ్చారు. ఒకామె చేతిలో సంచి. "వదినా, ఈ ఏడు పిడికెడు బియ్యం మీ ఇంటికే. ఇన్నేళ్ళు నువ్వు మా అందరి ఇళ్ళకూ పంపావు. పొయ్యి వెలిగించు" అన్నది. వారిలో ముగ్గురి ఇళ్ళలో కూడా ఆ ఏడాది వ్యవధిలోనే మరణాలు జరిగాయి. ఒకరి బియ్యం ఒకరికి మార్చుకొన్నారు. ఇంకొకామె వెనకనుండి, "సున్నం మేం తెచ్చాంలే, నువ్వు కుంచె తీసుకొని రా" అన్నది. అమ్మ సంచి అందుకొని కాసేపు గుమ్మానికి ఆనుకొని నిలబడింది. తరువాత లోపలికి వెళ్ళి చీర మార్చుకొని వచ్చింది.

తోటలో నాన్నగారి సమాధి మట్టికుప్పగానే ఉంది, క్రితం నెలలోనే చుట్టూ ఇటుకలు కట్టించాము. అమ్మ ఎవ్వరినీ ముట్టనివ్వకుండా నాలుగు ప్రక్కలా తానే సున్నం వేసింది. తలవైపు ఇటుకలను చేత్తో రెండు మూడుసార్లు తడిమింది. మా అమ్మాయి పేరు వ్రాసింది. అంతా అయ్యాక అమ్మ చిన్నవాణ్ణి దగ్గరకు పిలిచింది.

"నిన్న నువ్వు అడిగావు గదా నాన్నా. ఇది తాతయ్య పండుగ కాదు. తాతయ్య ఇక్కడ నిద్రపోతున్నాడు. ఆయన్ని లేపడం మన చేతకాదు. లేపేవాడు లేచాడు. ఆ మాట మనం రేపు ఇక్కడే నిలబడి చెప్పుకొంటాం. అందుకే శుభ్రం చేసుకొన్నాం."

హడావిడిగా జరిగిన సమాధి

ఆ రోజు నుండి మేము సువార్తలలోని స్త్రీలను వేరే కన్నులతో చదువుతున్నాము.

ప్రభువు సమాధి కూడా హడావిడిగా జరిగినదే. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల వేళ ప్రాణం విడిచాడు. సూర్యుడు అస్తమిస్తే విశ్రాంతి దినం. ఈలోగా పిలాతు సెలవు పొందాలి, శరీరాన్ని దించాలి, చుట్టాలి, రాతిలో తొలిచిన సమాధిలో పెట్టాలి. అరిమతయియ యోసేపు, నీకొదేము ఆ పని చేశారు. గలిలయ నుండి వచ్చిన స్త్రీలు వెంబడించి సమాధిని, ఆయన దేహం ఉంచిన విధమును చూచారు. ఇంటికి వెళ్ళి సుగంధ ద్రవ్యాలు సిద్ధపరచి, విశ్రాంతి దినమున ఊరుకొన్నారు (లూకా 23వ అధ్యాయం). వారు ఆదివారం పెందలకడ బయలుదేరినది పునరుత్థానం చూడడానికి కాదు. తమ ప్రియ ప్రభువుకు జరగవలసినంత మర్యాద జరగలేదు. మిగిలిపోయిన పని చేయడానికి వెళ్ళారు. రాయి ఎవరు దొర్లిస్తారని దారిలో మాట్లాడుకొన్నారు. దానికి జవాబు వారి దగ్గర లేదు. అయినా వెనుదిరుగలేదు.

వారు తీసుకెళ్ళిన ద్రవ్యాలు పనికిరాలేదు. పూయడానికి దేహం అక్కడ లేదు. ఎంత ఖర్చుపెట్టి, ఎంత ప్రేమతో సిద్ధపరచారో! అవన్నీ చేతుల్లోనే ఉండిపోయాయి. కాని ఆయన లేచియున్నాడన్న వర్తమానం లోకంలో మొట్టమొదట వినబడినది ఆ ద్రవ్యాలు మోసుకొచ్చిన చేతులవారికే. ప్రేమ వారిని సమాధి వరకు నడిపించింది. అక్కడ దేవుడు వారికి సువార్త చెప్పాడు.

మా ఇంటి సున్నం, పూలు, కొవ్వొత్తులు, గంజి, బియ్యపు కుండ, ఇవన్నీ ఆ సుగంధ ద్రవ్యాల వంటివని మేము గ్రహించాము. వీటివలన చనిపోయినవారికి ఏ లాభమూ లేదు. వారు ప్రభువు చేతిలో ఉన్నారు. వారికోసం మేము అక్కడ ఏమీ పెట్టము, వారిని ఏమీ అడుగము. ఇవి మనలను మోసుకెళ్తాయి. అడుగు పడని రోజున అమ్మను తోట వరకు నడిపించినవి ఆ బియ్యపు సంచి, ఆ కుంచె. అక్కడికి వెళ్ళాక ఆమె చెప్పిన మాట ఆమె చేతిలోని కుంచె నేర్పింది కాదు. అది పునరుత్థానుడైన ప్రభువు ఇచ్చిన మాట. ఆచారం గమ్యం కాదు, దారి. దారి ఉన్నందుకు మేము దేవుణ్ణి స్తుతిస్తున్నాము.

తెల్లవారకముందే

ఆదివారం ఉదయం నాలుగు గంటలకు గుడి గంట మ్రోగుతుంది. క్రీ.శ. 325లో నికయలో కూడిన సభ సంఘాలన్నీ ఒకే దినమున ఈస్టరు ఆచరించాలని తీర్మానించింది. సంఘపు లెక్క ప్రకారం మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే పున్నమి దాటిన ఆదివారమే ఈస్టరు. అందుచేత మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. పున్నమి దాటిన వారంలోపే గనుక, మేము తోటకు నడిచే వేళ ఆకాశంలో తరుగుతున్న చంద్రుడు ఉంటాడు. పస్కా రాత్రి ఐగుప్తు విడిచిన ఇశ్రాయేలీయులకు వెలుగిచ్చినది పున్నమి చంద్రుడే గదా అని పిల్లలకు చెప్పుకొంటూ నడుస్తాము.

సమాధుల మధ్య సూర్యోదయ ఆరాధన మనకు మాత్రమే ఉన్నదనుకోవద్దు. జర్మనీ దేశంలో హెర్న్‌హట్ అనే ఊళ్ళో మొరేవియను సహోదరులు 1732లో ఈస్టరు తెల్లవారుజామున కొండమీది సమాధుల తోటకు వెళ్ళి ఆరాధించారు. నేటికీ మొరేవియను సంఘాలు దీనిని ఆచరిస్తున్నాయి. వారి తోటలో ధనికుడు, పేద అనే భేదం లేకుండా అందరికీ ఒకే తీరు రాతిపలకలు. మరణంలో అందరూ సమానమే, లేపబడుటలోనూ సమానమే అని ఆ రాళ్ళ సాక్ష్యం. మా ఊరి తోటలో ఎవరివో తెలియని పాత సమాధులు కొన్ని ఉన్నాయి. నాన్నగారు ఏటా మిగిలిన సున్నం వాటికి వేసేవారు. "పేరు మనకు తెలియదు. పిలిచేవాడికి తెలుసు" అనేవారు. ఇప్పుడు ఆ పని మా అమ్మాయి తీసుకొన్నది.

2022 ఈస్టరు ఉదయాన పాస్టరుగారు ఆ ఏడాది నిద్రించిన వారి పేర్లన్నీ చదివారు. చాలా పొడవైన జాబితా అది. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క కొవ్వొత్తి వెలిగింది. జాబితా ముగిసేసరికి తూర్పు ఎర్రబారింది. "క్రీస్తు లేచెను" అని పాస్టరుగారు అనగానే "నిజముగా లేచెను" అని సంఘమంతా పలికింది. వెలుగు వచ్చాక కొవ్వొత్తులు ఉన్నాయో లేదో కూడా కనబడలేదు. పదకొండు నెలల క్రితం పాడని కీర్తనను ఆ రోజు నాన్నగారి సమాధి దగ్గర పాడాము. అమ్మే ఎత్తింది.

చేపల పులుసుతో పండుగ

తోట నుండి ఇంటికి వచ్చాక మా ఇంట ఈస్టరు మొదటి భోజనం ఇడ్లీ, చేపల పులుసు. పలావు మధ్యాహ్నానికి. ఈ అలవాటు నాన్నగారు పెట్టినది. లేచిన ప్రభువు శిష్యులతో తినడానికేమైనా ఉన్నదా అని అడిగి కాల్చిన చేప తిన్నాడు (లూకా 24వ అధ్యాయం). తిబెరియ సముద్రపు ఒడ్డున తానే నిప్పులు చేసి, చేపను, రొట్టెను సిద్ధపరచి వారిని భోజనానికి పిలిచాడు (యోహాను 21వ అధ్యాయం). ఆయన భూతం కాదు, నిజముగా శరీరంతో లేచాడని చెప్పడానికి ఇంతకంటె సులువైన పాఠం లేదు. ఏప్రిల్ 15 నుండి మన తీరంలో మరబోట్ల వేట నిషేధం మొదలవుతుంది గనుక, ఈస్టరు ఆలస్యంగా వచ్చిన ఏట సముద్రపు చేపకు బదులు చెరువు చేప తెచ్చుకొంటాము. ఆ 2022లోనూ చెరువు చేపే. నాన్నగారి కుర్చీలో చిన్నవాడు కూర్చున్నాడు. ఎవ్వరమూ లేవమనలేదు.

మన గృహాలలో

ప్రియ పాఠకులారా, మీ ఇంటి అలవాట్లు మా ఇంటివంటివి కాకపోవచ్చు. పట్టణాలలో సమాధుల తోటలు దూరం. అమెరికాలోనో, గల్ఫులోనో ఉన్న మన పిల్లలకు వెళ్ళడానికి తమవారి సమాధులే అక్కడ లేవు. వారు ఇంటి బల్లమీద ఒక కొవ్వొత్తి వెలిగించి, నిద్రించిన తమవారి పేరు చెప్పి, యోహాను 20వ అధ్యాయం చదువుకొన్నా చాలును. 2020లో గుమ్మం ముందు వెలిగిన రెండు కొవ్వొత్తులు తోటలో వెలిగిన వందల కొవ్వొత్తులకు తక్కువేమీ కాదు.

మేము మనవి చేసేది ఇంతే. మీ పెద్దల నుండి వచ్చిన మంచి అలవాటు ఏదైనా ఉంటే దానిని పాతదని పారవేయకండి. దాని అర్థం ఏమిటని పెద్దవారు ఉండగానే అడిగి తెలిసికోండి. పిల్లలు ప్రశ్న అడిగితే విసుగుకొనకండి. ఆ ప్రశ్న కోసమే దేవుడు ఆచారాన్ని ఏర్పాటు చేశాడు. పొరుగువారు పెద్దల పండుగా అని అడిగితే నొచ్చుకొనకండి. లేచినవాని పండుగ అని చెప్పడానికి అంతకంటె మంచి అవకాశం రాదు. మీ వీధిలో ఈ ఏడు ఎవరి ఇంట పొయ్యి వెలుగదో చూచి, ఆ ఇంటికి ముందుగా పిడికెడు బియ్యం పంపండి. ఈస్టరు మొదట వెళ్ళవలసిన ఇల్లు అదే.

ప్రార్థన: మరణమును జయించి లేచిన మా ప్రభువా, తెల్లవారకముందే నీ సమాధి యొద్దకు వచ్చిన స్త్రీల ప్రేమను మా గృహములకు దయచేయుము. మా చేతులలోని చిన్న అలవాట్లను నీ యొద్దకు నడిపించు దారులుగా చేయుము. సరిగా సాగనంపలేకపోయిన తమవారిని తలచుకొని నేటికీ దుఃఖించుచున్న ప్రతి హృదయమును నీవే పేరుపెట్టి పిలిచి ఆదరించుము. మా పిల్లలు అడుగు ప్రశ్నలకు నీ సాక్ష్యమును మా నోట ఉంచుము. ఆమేన్.